ముసలమ్మల రాళ్లు, జెర్ లౌనీ

ఆ ఉత్తరం రాసింది నేనే. ఎవరో చెప్పగా మీకు తెలియడం కన్నా నేనే ముందు చెప్పేయడం నయం. మా గోర్ట్‌నలాక్‌లో పదకొండు రాళ్ల వలయం ఒకటుందనీ, మూడువేల ఏళ్ల కిందటిదని పుస్తకాల్లో రాశారనీ, ఇంతవరకు ఎవరూ తవ్వి చూడలేదనీ, మీరొస్తే ఊరంతా సంతోషిస్తుందనీ యూనివర్సిటీ వాళ్లకు ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు పేజీలు రాశాను. ముప్పై ఒక్క ఏళ్లు ఈ కొండదారుల్లో అందరి ఉత్తరాలూ పంచినదాన్ని. నా అంతట నేను కూర్చుని రాసిన ఉత్తరం ఇదొక్కటే. దానితోనే ఇంత పని చేశాను.

ఊరి మంచికి రాశానని అప్పట్లో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను. అందులో నిజం సగమే. ఉద్యోగం అయిపోయాక మా ఇంటి పక్క షెడ్డులో నాలుగు బల్లలు వేసి టీ, స్కోన్లనే చిన్న తీపి రొట్టెలు అమ్ముతున్నాను. రాళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు పెరిగితే స్కోన్లు మిగిలిపోవు. మిగతా సగం అదీ.

ఇక జెర్ లౌనీ. ఆ రాళ్లున్న పొలం అతనిదే అని వచ్చినవాళ్లంతా అనుకునేవారు. కాదు. పొలం అతని భార్య నోనీది. జెర్ కొండకు అవతలి పక్క ఊరివాడు, తొమ్మిదిమంది పిల్లల్లో నాలుగోవాడు. పందొమ్మిదివందల అరవైలో క్రౌలీల ఇంటికి ఇల్లరికం వచ్చాడు. నోనీకి అన్నదమ్ములు లేరు, తల్లి ముందే పోయింది, తండ్రి పెళ్లయిన ఏడాదికే పోయాడు. మా వైపు ఇల్లరికం వచ్చినవాడు ఎంత చాకిరీ చేసినా వాడి పేరు మీద గోడ కూడా నిలబడదు. అర్ధ శతాబ్దం పాటు ఆ గోడలన్నీ జెర్ ఒంటి చేత్తో పేర్చాడు, పద్దెనిమిది ఆవుల పాలు పిండాడు, చలికాలంలో రోడ్డు పనికి పోయాడు. ఇప్పటికీ అది క్రౌలీల పొలమే. దానికతను ఏనాడూ బాధపడినట్టు కనిపించలేదు.

మనిషి పొడుగు, కాస్త వంగి నడిచేవాడు. మాట తక్కువ. చర్చి బయట మగవాళ్లంతా గోడకానుకుని ఆవుల ధరల గురించి, వాన గురించి మాట్లాడుకుంటుంటే ఇతను టోపీ చేతిలో తిప్పుకుంటూ నిలబడేవాడు. అదే మనిషిని పై పచ్చికలోకి తీసుకెళ్లి ఆ రాళ్ల ముందు నిలబెడితే ఇక ఆగేవాడు కాదు.

ఆ రాళ్లను మేం ముసలమ్మలు అంటాం. తూర్పు వైపు గుమ్మంలా రెండు నిలువెత్తు రాళ్లు. వాటి నుంచి రెండు పక్కలా ఒక్కొక్కటే పొట్టిబడుతూ వెళ్లి, సూర్యుడు కుంగే వైపున పొడుగ్గా నేల మీద పడుకున్న ఒక రాయి దగ్గర కలుస్తాయి. ఎవరు నిలబెట్టారో తెలియదు, ఎందుకో తెలియదు. తెలియకపోవడమే జెర్‌కు కలిసొచ్చింది. జర్మన్లు వస్తే అది ఆ కాలపు పంచాంగం అనేవాడు. అమెరికా వాళ్లు వస్తే ఆదివారం పూజ మానేసి నాట్యం చేస్తూ శిలలైపోయిన ముసలమ్మలు అనేవాడు.

“ఆ రోజుల్లో పూజలెక్కడివయ్యా జెర్? ఏసుప్రభువు పుట్టడానికే ఇంకా వెయ్యేళ్లుంది కదా,” అని నేను అడ్డుపడితే, “అందుకే మరి. ముందే మానేశారు చూడు, ఎంత ఒళ్లుబద్ధకమో,” అనేవాడు.

పదకొండు రాళ్లకూ పదకొండు పేర్లు పెట్టాడు. గుమ్మం దగ్గరి రెండూ పెగ్, కేట్. వంగినది ముక్కుపొడి నానమ్మ. పడుకున్న రాయి పెద్దత్త. పిల్లలకు ఆ పేర్లు చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవారు.

నోనీకి మాత్రం ఆ రాళ్ల పేరెత్తితే ఒళ్లు మంట. “నన్ను చేసుకున్నావా, ఆ ముసలమ్మల్ని చేసుకున్నావా?” అని వచ్చినవాళ్ల ముందే అడిగేది. “నీతో పాటు వాళ్లు పదకొండుమంది. పదమూడో పెళ్లానికి ఈ ఊళ్లో ఎవరూ మిగల్లేదు,” అని అతను గొణిగేవాడు. అంతా నవ్వేవాళ్లం.

అతనిది ఒకటే షరతు. ఎవరూ వలయం లోపల అడుగు పెట్టకూడదు. చుట్టూ తిరగొచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు, రాళ్లను కావలించుకుని ఏడ్చేవాళ్లుంటే ఏడవొచ్చు, అదీ చూశాం. లోపలికి మాత్రం వీల్లేదు. ఒకసారి నీళ్లు కనిపెట్టే పంగలకర్ర పట్టుకుని ఒకావిడ వచ్చింది. కర్ర లోపలికి లాగుతోందని ఆవిడ, కర్ర లాగితే కర్రనే పంపమని ఇతను.

“లోపలికెళ్తే ఏమవుతుంది?” అందావిడ.

“ఏమో తల్లీ. మా మామగారి ఆవు వెళ్లింది. పాలివ్వడం మానేసింది.”

“ఎంతకాలం?”

“చచ్చేదాకా.”

ఆ ఆవుకు అప్పటికి పందొమ్మిదేళ్లని ఆవిడకు చెప్పలేదు. నేను పొలం గోడ వెనక తల దాచుకుని కడుపుబ్బ నవ్వాను.

వచ్చినవాళ్లు లోపలికి నాణేలు విసిరేవారు, గులకరాళ్లు పెట్టేవారు, రిబ్బన్లు కట్టేవారు. సాయంత్రం పాలు పిండడం అయ్యాక జెర్ వెళ్లి అవన్నీ ఏరేసేవాడు. అతనొక్కడే లోపలికి వెళ్లేవాడు, వెళ్లేముందు టోపీ తీసేవాడు. పోస్టు వ్యానులోంచి ఎన్నిసార్లు చూశానో. చాదస్తం అనుకున్నాను. పబ్బులో ఆ టోపీ తీయడం అనుకరించి చూపించి నలుగురినీ నవ్వించాను కూడా. అది తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

యూనివర్సిటీ నుంచి జవాబు నిజంగానే వచ్చింది. ఏప్రిల్‌లో సోర్చా అనే అమ్మాయి దిగింది, గంబూట్లతో, వెనక నలుగురు విద్యార్థులతో. మంచి పిల్ల, గర్వం లేదు. తవ్వాలంటే పొలం యజమాని సంతకం కావాలంది. నోనీ నా షెడ్డులోనే, నా బల్ల మీదే, నా పెన్నుతోనే సంతకం పెట్టింది.

జెర్ అక్కడే నిలబడి ఉన్నాడు. “అక్కడ నేలంతా చిత్తడి నోనీ. వాళ్లు కూరుకుపోతారు,” అన్నాడు.

“చిత్తడా? యాభై ఏళ్లుగా ఆ చిత్తడిలోనేగా నువ్వు కాపురం పెట్టావు. కూరుకుపోలేదే?”

“ముసలమ్మలకు కోపం వస్తుంది.”

“రానీ. నాకొచ్చినప్పుడు భయపడ్డావా?”

పొలం తనది కానివాడు ఏమంటాడు? అడ్డుపడాలంటే కారణం చెప్పాలి. నేను మాత్రం ఆ పూట మూడు రకాల జామ్ తీసి బల్ల మీద పెట్టాను, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

జూన్‌లో ఒక సోమవారం తవ్వకం మొదలు పెడతామన్నారు. దానికి ముందు రెండు రోజులు, గడ్డికోసే బండిలాంటి యంత్రం ఒకటి వలయం లోపల అటూ ఇటూ నడిపించారు. నేల కింద ఏముందో అది గీతలుగా చూపిస్తుందట. శనివారం మధ్యాహ్నం సోర్చా ఆ గీతల కాగితం పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తుకొచ్చింది. జెర్ మూల బల్ల దగ్గర టీ తాగుతున్నాడు.

“లౌనీ గారూ, మీరే ముందు చూడాలి ఇది!” అని కాగితం అతని ముందు పరిచింది. “ఇదిగో, మీ పెద్దత్త రాయి. దాని లోపలి పక్కన, ఇక్కడ, చిన్న గొయ్యి. ఎవరో తవ్వి పూడ్చారు. మూరెడు పొడవు కూడా లేదు. మధ్యలో ఉంటుందనుకున్నాను, రాయిని ఆనుకుని ఉంది! ఈ వలయాలు ఎందుకు కట్టారన్నదానికి జవాబు ఇందులోనే ఉండొచ్చు. సోమవారం మొదటి కందకం ఇక్కడే వేస్తాం.”

“మూరెడు,” అన్నాడు జెర్.

“అవును. మరీ చిన్నది.”

“చిన్నదే,” అన్నాడు.

ఆ పిల్ల వచ్చినంత వేగంగానే వెళ్లిపోయింది. జెర్ ముందున్న టీ మీద మీగడ తెట్టెలా కట్టింది. నేను కప్పు తీయబోతే నా మణికట్టు పట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి, అంతకుముందు ఒక్కసారైనా నన్ను తాకినవాడు కాదు.

“పిల్లా, ఆ గొయ్యి నేను తవ్విందే,” అన్నాడు. నాకప్పటికి అరవై ఒక్కటి. మా వైపు ఎనభై ఏళ్లొచ్చినా ఆడది పిల్లే.

అప్పుడు చెప్పాడు. బయట వాన మొదలైంది, షెడ్డులో ఇంకెవరూ లేరు. అతను చెప్పింది చెప్పినట్టు రాయడం నాకు చేతకాదు, జరిగింది మాత్రం ఇది.

పందొమ్మిదివందల అరవై రెండు, ఫిబ్రవరి పదకొండు. నోనీకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. నర్సు ఏడు మైళ్ల అవతల. తెల్లారకముందే ఆడపిల్ల పుట్టేసింది, చెయ్యంత. జెర్ మా ఇంటికి పరిగెత్తుకొచ్చి మా నాన్నను సైకిలు మీద నర్సు కోసం పంపాడు. నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి పరిగెత్తడం నాకు గుర్తే. ఎందుకో నాకెవరూ చెప్పలేదు. జెర్ వెనక్కి వెళ్లి బిడ్డను దుప్పట్లో చుట్టి, వెచ్చగా ఉంటుందని వంటింట్లో పొయ్యి దగ్గర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊపిరి ఉందో లేదో తెలియనంత ఉంది.

పసిబిడ్డ పోయేలా ఉంటే ఫాదర్ కోసం ఆగక్కర్లేదనీ, ఎవరైనా నెత్తిన నీళ్లు పోసి, పిత పుత్ర పవిత్రాత్మ అని చెబితే జ్ఞానస్నానం అయినట్టేననీ మా బడిలో ప్రతి పిల్లకూ పిల్లాడికీ వచ్చు. బెత్తంతో నేర్పారు. జెర్‌కూ వచ్చు.

“బకెట్టు నా మోకాలి పక్కనే ఉంది,” అన్నాడు. “చెయ్యి ముంచితే చాలు. ముంచలేదు.”

“ఎందుకు జెర్?”

“నీళ్లు పోస్తే అది పోతోందని నేను ఒప్పుకున్నట్టే కదా పిల్లా. నేను ఒప్పుకోదలుచుకోలేదు. ఇంకాసేపు చూద్దాం, నర్సు వచ్చేస్తుంది, అది బతికేస్తుంది, ఆదివారం గుడిలో అందరి ముందూ పోయిద్దాం అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను. అలా అనుకుంటుండగానే పోయింది.”

పోయాక నీళ్లు పోసి లాభం లేదు. అది కూడా మాకు వచ్చు.

లోపల గదిలో నోనీ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఈ మాట ఆమెకెలా చెప్పడం? నీళ్లు లేకుండా పోయిన బిడ్డకు స్వర్గం లేదని ఆ రోజుల్లో మాకు చెప్పేవారు. ఇప్పుడు అలా అనరట. ఇప్పుడనకపోతే ఎవరిక్కావాలి? అందుకని అతను వెళ్లి మంచం మీద కూర్చుని, “నీళ్లు పోశాను నోనీ, మంచి చోటికే వెళ్లింది,” అన్నాడు. గుడి ఆవరణలో, మీ నాన్న సమాధి పక్కనే పెడతానని కూడా అన్నాడు.

భార్యతో అబద్ధం చెప్పగలిగాడు. ఫాదర్ దగ్గరికెళ్లి అదే అబద్ధం చెప్పడానికి కాళ్లు రాలేదు. నీళ్లు పడని బిడ్డను గుడి నేలలో పెట్టనివ్వరు. అలాంటి బిడ్డల్ని మా తాతల కాలం నుంచీ పాత రాళ్ల దగ్గరే పెట్టేవారు, మూడోకంటికి తెలియకుండా, తండ్రి ఒక్కడే వెళ్లి. మరునాడు తెల్లారుతుండగా జెర్ వెన్నపెట్టె ఒకటి ఖాళీ చేసి, బిడ్డను అందులో పెట్టుకుని పై పచ్చికకు వెళ్లాడు. ఆ రోజుల్లో బాలింతలు గడప దాటేవారు కాదు. ఊరు కూడా అలాంటి బిడ్డల మాట ఎత్తేది కాదు. అందువల్ల అబద్ధం నిలబడిపోయింది.

తరువాత వాళ్లకు పిల్లలు పుట్టలేదు. అది తనకు పడ్డ శిక్షేనన్నాడు. ఆ శిక్ష నోనీకి కూడా పడింది, అది మాత్రం అన్యాయం అన్నాడు.

“నోనీ ప్రతి ఆదివారం వాళ్ల నాన్న సమాధి మీద పూలు పెడుతుంది చూశావా?” అన్నాడు. “నేను పక్కనే టోపీ పట్టుకుని నిలబడతాను. అక్కడ ఎవరూ లేరని తెలిసి నిలబడతాను. రెండువేల ఐదొందల ఆదివారాలకు పైనే అయ్యాయి.”

నేను రాసిన ఉత్తరంలో రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: ‘ఈ రాళ్ల కింద ఏ రహస్యం దాగి ఉందో తెలుసుకోవాలని ఊరంతా ఎదురుచూస్తోంది.’ ఆ వాక్యం బాగా కుదిరిందని నాకు నేనే పైకి చదువుకుని మురిసిపోయాను.

“నువ్వు చెప్పు మౌరా,” అన్నాడతను. “నోనీకి నువ్వు చెప్పు. ఆడవాళ్లు ఆడవాళ్లు ఒకటి. సోమవారం లోపల తెలియాలి. ఆ పిల్లలు చిన్న చిన్న తాపీలతో గీకి తీసి, బల్ల మీద పెట్టి చూపించేదాకా ఆగకూడదు.”

“నేనా? నీ నోరేమైంది? జర్మనీ నుంచి వచ్చినవాళ్లకు గంటలు గంటలు చెబుతావు కదా.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నా తీరే అంత, భయమేస్తే ముందు నోరు లేస్తుంది. అతను తల వంచుకున్నాడు. నేను ఆప్రన్ విప్పి కోటు వేసుకున్నాను. “పద. చెప్పేది నువ్వే. నేను పక్కనుంటాను,” అన్నాను. నా పాపానికి నేను చేయగలిగింది అంతే అనిపించింది.

నోనీ వంటింట్లో క్యాబేజీ ఉడకబెడుతోంది. రేడియోలో ఏదో మ్యాచ్ అరుస్తోంది. మమ్మల్నిద్దర్నీ చూసి, “ఏంటి, ముసలమ్మలు పారిపోయారా?” అంది.

జెర్ రేడియో కట్టేశాడు. ఆ ఇంట్లో మ్యాచ్ మధ్యలో రేడియో కట్టడం ఎవరూ చూడలేదు. నోనీ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

“నోనీ, కూర్చో.”

“నిలబడే వింటాను. ఏ ఆవు పోయింది?”

“నేను నీళ్లు పోయలేదు,” అన్నాడు.

“ఏ నీళ్లు?”

“పాపకి.”

నోనీ కూర్చుంది. అతను నిలబడే చెప్పాడు, నాకు చెప్పిన దానిలో నాలుగోవంతు మాటలతో. బకెట్టు సంగతి చెప్పాడు. వెన్నపెట్టె సంగతి చెప్పాడు. పెద్దత్త రాయి పక్కన అని చెప్పాడు. సోమవారం సంగతి చెప్పాడు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. వినకూడని మాటలు వింటున్నాననిపించింది, కానీ వెళ్లిపోతే అతను పడిపోతాడేమోనని భయమేసింది.

అతను ఆగిపోయాక నోనీ గరిటె బల్ల మీద పెట్టింది. తరువాత మామూలు గొంతుతో అంది, “నేను పోశాను.”

“ఏంటి?”

“నువ్వు మౌరా వాళ్ల నాన్నను లేపడానికి పరిగెత్తావు. అది నీలంగా అయిపోతోంది. మంచం పక్కన నా టీ కప్పులో నీళ్లున్నాయి. లేచి కూర్చోలేకపోయాను, పడుకునే పోశాను. మూడుసార్లు పోశాను. మాటలన్నీ చెప్పాను, ఒక్కటీ తప్పు పోలేదు.”

జెర్ బల్ల అంచు పట్టుకున్నాడు. “మరి నాకెందుకు చెప్పలేదు నోనీ?”

“చెబుదామనే ఉన్నాను. నువ్వొచ్చి మంచం మీద కూర్చుని, వెక్కివెక్కి ఏడుస్తూ, నీళ్లు పోశాను నోనీ అన్నావు. ఒకసారి పోసినదానికి మళ్లీ పోస్తే ఎంత పాపమో నీకు తెలీదా? నీకు తెలీకుండా నీతో చేయించానే అనుకున్నాను. నేను ముందే పోశానని చెబితే ఆ పాపం నీకు తెలిసిపోతుంది. అప్పటికే సగం చచ్చి ఉన్నావు. తెలీకపోతే నీకు అంటదు కదా అని నోరు మూసుకున్నాను. నేనే మోద్దామనుకున్నాను.”

“యాభై ఏళ్లా?”

“నువ్వు మోయలేదూ?”

పొయ్యి మీద గిన్నె పొంగింది. వెళ్లి మంట తగ్గించింది నేనే. ఆ ఇద్దరూ చూడనేలేదు.

అతని ముఖంలో అప్పుడు కాస్త వెలుగు కనబడింది. బిడ్డకు నీళ్లు పడ్డాయి. తను చేయలేని పని ముందే జరిగిపోయింది. ఒక్క క్షణం అతను అలా నిలబడ్డాడు, బరువు దింపుకున్నవాడిలా. ఆ క్షణం దాటగానే మిగతాది అర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది. నోనీకి మా ఇద్దరికన్నా ముందే అర్థమైనట్టుంది, లేచి నిలబడింది.

“నీళ్లు పడ్డ పిల్ల అది,” అంది. “దానికి గుడి నేలలో చోటుంది. మా నాన్న పక్కన చోటుంది. నువ్వు తీసుకెళ్లి ఆ రాళ్ల మధ్య పడేశావు, పేరూ ఊరూ లేనిదానిలా. నేను పూలు పట్టుకుని ఎక్కడికెళ్లానయ్యా ఇన్నేళ్లూ? సగం మా నాన్నకు, సగం దానికి అని రెండు కట్టలు కట్టుకునేదాన్ని. పక్కనే నిలబడి చూశావు. ఒక్కసారి, ఒక్క ఆదివారం నోరు తెరిచావా?”

“లేదు,” అన్నాడు జెర్. క్షమించమని కూడా అడగలేదు. అడగడానికి తనకు అర్హత లేదనుకున్నాడో ఏమో.

నేను ఊరుకోలేకపోయాను. “తప్పు నాది నోనీ. ఆ ఉత్తరం నేను రాయకపోతే...”

“నువ్వు కాసేపు నోరు మూసుకో మౌరా,” అంది. “ఇది నీ గొడవ కాదు.”

నిజమే. నా తప్పును నేను ఎంత పెద్దది చేసుకుందామని చూసినా వాళ్లదాని పక్కన అది నిలబడదు. అయినా అప్పటినుంచి అది నన్ను వదల్లేదు. నా ఉత్తరం లేకపోతే ఇద్దరూ ఎవరి మూట వాళ్లు మోసుకుంటూ పోయేవారు, నువ్వు మంచిపనే చేశావు అంటారు కొందరు. గిన్నె పొంగిన తరువాత జెర్ ముఖం ఎలా మారిందో వాళ్లు చూడలేదు.

సోర్చాకు ఆ సాయంత్రం నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆ పిల్ల ఏడ్చేసింది. కందకం అటువైపు వేయనని, గుమ్మం దగ్గరి రాళ్లతో సరిపెట్టుకుంటానని అంది. కొత్త ఫాదర్, చిన్నవాడు, తరువాతి వారం వచ్చి బిడ్డను గుడి ఆవరణకు మార్చుకోవచ్చు, కాగితాలు నేను చూస్తాను అన్నాడు. నోనీ వద్దంది. “అక్కడ ఇంకెంతమంది పిల్లలున్నారో ఎవరికి తెలుసు ఫాదర్? మా దాన్నొక్కదాన్నే ఎత్తుకుపోతే మిగతావాళ్లు ఏమనుకుంటారు?” అంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఇదంతా తరువాతి మాట. ఆ శనివారం మాత్రం ఇంకొకటి మిగిలి ఉంది. నోనీ కోటు వేసుకుని గుమ్మం దగ్గర చెప్పులు మార్చుకుంటోంది. జెర్ వెనకనుంచి, ఎవరో పరాయివాళ్లను అడిగినట్టు మెల్లగా అడిగాడు.

“పోసినప్పుడు పేరు పెట్టావా?”

“పెట్టకుండా ఎలా పోస్తాను?”

“ఏం పేరు?”

“ఆ రోజు ఏం పండగ? ఇంకేం పేరు పెడతాను?”

ఫిబ్రవరి పదకొండు మా వైపు పునీత గోబ్‌నట్ తల్లి పండగ. ఆ పేరున్న ఆడపిల్లల్ని ఇళ్లల్లో అబీ అని పిలుస్తాం. జెర్ ఆ పేరును పెదవులు కదిపి చూసుకున్నాడు, శబ్దం రాలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషికి కూతురి పేరు అప్పుడే తెలిసింది.

వాన వెలిసింది. జూన్ కదా, ఇంకా ఎండ ఉంది. ముగ్గురం పై పచ్చికకు నడిచాం. నోనీ ముందు, జెర్ రెండడుగుల వెనక, అతని వెనక నేను. నేను గేటు దగ్గర ఆగిపోయాను. యంత్రం నడిపిన వాళ్లు గుర్తుకోసం కట్టిన పసుపు దారాలు ఇంకా అక్కడే ఉన్నాయి. జెర్ పెద్దత్త రాయి పక్కన ఒక చోట చేత్తో చూపించాడు. నోనీ అక్కడ నిలబడి కిందికి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

“ఎప్పుడైనా మాట్లాడావా దానితో?” అంది.

“రోజూ వచ్చాను.”

“వచ్చావులే. మాట్లాడావా?”

“ఏమని మాట్లాడను? ఏమని పిలవాలో తెలియలేదు.”

“ఇప్పుడు తెలిసిందిగా. పిలువు.”

అతను ఆ గడ్డి వైపు వంగాడు. తరువాత ఏదో అన్నాడు. గేటు దగ్గరున్న నాకు అసలు వినపడలేదు.

“అంత మెల్లగా పిలిస్తే దానికేం వినపడుతుంది?” అంది నోనీ. “యాభై ఏళ్లు పిలవలేదు. గట్టిగా పిలువు.”

జెర్ లౌనీ గట్టిగానే పిలిచాడు. పక్క పొలంలో ఆవులు తలెత్తి చూశాయి.